గర్భసంచి కేన్సర్: కంచం మారితే ముప్పు తగ్గుతుంది

నెలసరి ఆగిపోయి నాలుగైదేళ్లు దాటిన ఆడమనిషికి ఒక రోజు మళ్లీ బట్టకు ఎర్రమచ్చ కనిపిస్తుంది. మన పల్లెల్లో అప్పుడు వచ్చే మొదటి మాట "వేడి చేసిందిలే" అని. సబ్జా గింజలు నానబెట్టి తాగుతారు. మజ్జిగ ఎక్కువ పోసుకుంటారు. బొప్పాయి, నువ్వులు మానేస్తారు. రెండు రోజులకు మచ్చ ఆగిపోతుంది. కోతల హడావుడిలో పడి ఆ సంగతే మరిచిపోతారు.

అది వేడి కాకపోవచ్చు. ముట్లుడిగాక కనిపించే ఎర్రబట్ట గర్భసంచి లోపలి పొరలో పుట్టే కేన్సర్‌కు మొదటి గుర్తు కావచ్చు. ఇలా మచ్చ కనిపించిన ప్రతి పది మందిలో దాదాపు ఒకరికి పరీక్షల్లో ఈ కేన్సర్ తేలుతోంది. మిగతా తొమ్మిది మందికీ కారణాలు మామూలువే. అయితే ఆ ఒక్కరు ఎవరన్నది పరీక్ష చేయనిదే ఎవరూ చెప్పలేరు.

ఈ కేన్సర్‌కూ మనం తినే తిండికీ దగ్గరి లంకె ఉంది. చాలా కేన్సర్ల విషయంలో తిండి గురించి గట్టిగా చెప్పడం కష్టం. దీని విషయంలో మాత్రం కొన్ని సంగతులు బాగా రుజువయ్యాయి. అవి తెలుసుకుంటే పైసా ఖర్చు లేకుండా, మన పొలంలో పండే పంటతోనే ఇంట్లో ఆడవారి ముప్పు కొంత తగ్గించుకోవచ్చు. రైతన్నలు కూడా ఇది చదవాలి. గాదెలో ఏ గింజ ఉండాలో, అంగడి నుంచి ఏ సరుకు రావాలో నిర్ణయించేది చాలా ఇళ్లలో మీరే కదా.

ఇది ఏ కేన్సర్?

గర్భసంచి కేన్సర్ అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి రెండు. మొదటిది గర్భసంచి ముఖద్వారానికి వచ్చేది. మన దేశంలో ఎక్కువగా కనిపించేది అదే. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. దానికి టీకా ఉంది, ముందే పసిగట్టే పరీక్షలూ ఉన్నాయి.

రెండోది గర్భసంచి లోపలి గోడకు ఉండే మెత్తని పొరలో వచ్చేది. దీన్ని డాక్టర్లు ఎండోమెట్రియల్ కేన్సర్ అంటారు. ఎక్కువగా యాభై దాటినవారికి వస్తుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 4 లక్షల 20 వేల మందికి కొత్తగా వచ్చినట్టు అంచనా. అమెరికా, ఐరోపా దేశాలతో పోలిస్తే మన దగ్గర తక్కువే. అయితే ఏ ఇంట్లో చూసినా బరువు, షుగరు పెరుగుతున్నాయి కనుక మనమూ జాగ్రత్త పడాల్సిన రోజులు వచ్చాయి. ఈ వ్యాసం ఈ రెండో కేన్సర్ గురించే.

తిండికీ లోపొరకూ ఏం సంబంధం?

లోపొర ప్రతి నెలా పెరుగుతుంది, కడుపు నిలవకపోతే రాలిపోతుంది. అదే నెలసరి. ఈ పొరను పెంచేది ఈస్ట్రోజెన్ అనే హార్మోను. ఆ పెరుగుదలకు పగ్గం వేసేది ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోను. ఈ రెండూ ప్రధానంగా అండాశయాల్లోనే తయారవుతాయి.

వరికి యూరియా వేస్తే పైరు ఏపుగా పెరుగుతుంది. మిగతా ఎరువులు మానేసి యూరియా ఒక్కటే గుమ్మరిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పైరు మెత్తబడి పడిపోతుంది, తెగుళ్లు పట్టుకుంటాయి. లోపొరకు ఈస్ట్రోజెన్ కూడా అలాంటిదే. పగ్గం లేకుండా ఏళ్ల తరబడి ఈస్ట్రోజెన్ ఒక్కటే అందుతుంటే పొర మందంగా పెరుగుతూ పోతుంది. అలా పెరిగే కణాల్లో ఎక్కడో ఒకచోట అదుపు తప్పుతుంది. అక్కడ కేన్సర్ మొదలవుతుంది.

ముట్లుడిగాక అండాశయాల్లో ఈ రెండు హార్మోన్లూ దాదాపు తయారు కావు. ఈస్ట్రోజెన్ మాత్రం మరోచోట పుడుతూనే ఉంటుంది. ఆ చోటు ఒంట్లోని కొవ్వు. కొవ్వు కణాలు వేరే హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తాయి. కొవ్వు ఎంత ఎక్కువ ఉంటే ఈస్ట్రోజెన్ అంత ఎక్కువ. పగ్గం వేసే ప్రొజెస్టెరాన్ ఇక రాదు. యాభై దాటినవారికి బరువు ఇంత చేటు చేయడానికి కారణం ఇదే.

రెండో దారి ఇన్సులిన్. అన్నం, చక్కెర లాంటివి తిన్నాక రక్తంలో షుగరు పెరుగుతుంది. దాన్ని దించడానికి ఒంట్లో ఇన్సులిన్ ఊరుతుంది. నడుము చుట్టూ కొవ్వు పేరుకున్నవారిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, అందుకని ఒళ్లు మరింత ఇన్సులిన్ వదులుతుంది. ఎక్కువైన ఇన్సులిన్ లోపొర కణాలను పెరగమని నేరుగా ఎగదోస్తుంది. రక్తంలో ఈస్ట్రోజెన్‌ను పట్టి ఉంచే ఒక ప్రొటీను కూడా దానివల్ల తగ్గిపోతుంది. షుగరు జబ్బు ఉన్న ఆడవారికి ఈ కేన్సర్ ముప్పు, లేనివారితో పోలిస్తే సుమారు రెట్టింపు ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది.

అంటే తిండి రెండు దారుల్లో లోపొరను చేరుతోంది. ఒకటి ఒంటి బరువు, రెండోది రక్తంలో షుగరు. ఈ రెంటినీ అదుపులో పెట్టే తిండే ఇక్కడ మంచి తిండి.

ఎంత బరువుకు ఎంత ముప్పు?

బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు. ప్రపంచ కేన్సర్ పరిశోధన నిధి 2013లో అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసింది. బీఎంఐ 5 అంకెలు పెరిగితే ఈ కేన్సర్ ముప్పు దాదాపు సగం మేర పెరుగుతుందని లెక్క తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం కూడా 2016లో, ఒంట్లో కొవ్వు పెరగడం వల్ల వచ్చే 13 రకాల కేన్సర్లలో దీన్ని చేర్చింది.

లెక్కలు చేయడం ఇబ్బంది అనుకుంటే ఇలా గుర్తు పెట్టుకోండి. అయిదడుగుల ఎత్తున్న ఆడమనిషి బరువు 53 కిలోలు దాటితే మనవాళ్ల లెక్కలో కాస్త ఎక్కువ. 58 కిలోలు దాటితే స్థూలకాయం. అయిదడుగుల రెండంగుళాలు ఉంటే ఆ అంకెలు 57, 62. ఎరువుల దుకాణంలో కాటా ఉంటుంది, ఆరోగ్య కేంద్రంలోనూ ఉంటుంది. ఒకసారి తూగి చూసుకోవడానికి సిగ్గు ఎందుకు?

కాటా దొరక్కపోతే దర్జీ టేపుతో బొడ్డు మట్టంలో నడుము చుట్టుకొలత చూడండి. 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారు "నేను లావు లేనుగా" అనుకుంటారు. వాళ్లకూ ఇదే లెక్క.

బరువు తగ్గితే ముప్పు కూడా తగ్గుతుంది. అమెరికాలో 50 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 36 వేల మందికి పైగా ఆడవారిని ఏళ్ల తరబడి గమనించి 2017లో ఫలితాలు ప్రకటించారు. తమ బరువులో నూటికి అయిదు వంతులో, అంతకు మించో తగ్గినవారిలో ఈ కేన్సర్ ముప్పు, బరువు మారనివారితో పోలిస్తే 29 శాతం తక్కువగా ఉంది. బాగా లావుగా ఉండి, పట్టుదలగా తగ్గించుకున్నవారికి మేలు ఇంకా ఎక్కువ జరిగింది. నూటికి అయిదు వంతులంటే 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు. ఏడాదిలో నిదానంగా తగ్గించుకోదగ్గ బరువే అది.

అన్నం కుప్ప తగ్గించండి

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక మన పల్లెల్లో తెల్లన్నం మూడు పూటలా కంచంలోకి చేరింది. ఆకలి తీరింది. అది చిన్న సంగతి కాదు. అయితే దాంతో పాటే జొన్న రొట్టె, సజ్జ రొట్టె, రాగి సంగటి, కొర్రన్నం పక్కకు జరిగాయి. ఇవాళ చాలా ఇళ్లలో కంచం నిండా అన్నం, పక్కన కొంచెం పచ్చడి, చారు. కూర గరిటెడు. పప్పు ఉంటే ఉంది, లేకపోతే లేదు.

ఏ తిండి రక్తంలో షుగరును ఎంత త్వరగా, ఎంత ఎక్కువగా పెంచుతుందో కొలిచే లెక్కను గ్లైసెమిక్ లోడ్ అంటారు. ఇందులో రెండు చూస్తారు. తిన్న పిండిపదార్థం ఎంత, అది ఎంత వేగంగా షుగరుగా మారుతుంది. రోజు మొత్తం మీద ఈ లోడ్ 50 పాయింట్లు పెరిగితే లోపొర కేన్సర్ ముప్పు సుమారు 15 శాతం పెరుగుతున్నట్టు ముందు చెప్పిన 2013 నివేదిక తేల్చింది. వంద గ్రాముల బాగా పాలిష్ పట్టిన బియ్యం వండుకు తింటే దాదాపు అంత లోడ్ వస్తుంది. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం విదేశీ ఆడవారి మీద జరిగినవి. అంకె అచ్చంగా మనకు అంతే వర్తిస్తుందని చెప్పలేం. దారి మాత్రం అదే.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు సరిపోయే మనిషికి బియ్యం, జొన్న, గోధుమ లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలు. పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, వేరుశనగ, నువ్వుల లాంటి గింజలు 35 గ్రాములు ఉండాలి. మన కంచాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ధాన్యం దాదాపు రెట్టింపు, పప్పు సగం, కూర మూడో వంతు ఉంటుంది చాలా ఇళ్లలో.

నాట్లు, కలుపుతీత, కోతలు ఉన్న రోజుల్లో ఒంటికి ఇంతకంటే ఎక్కువే కావాలి. అప్పుడు తినండి. పని లేని వేసవిలోనూ అంతే అన్నం తినడం దగ్గరే చిక్కు. యాభై దాటి, మోకాళ్ల నొప్పులతో పొలం పని తగ్గించుకున్నవారు కంచం కూడా తగ్గించుకోవాలి.

సులువైన పద్ధతి ఒకటుంది. కంచంలో ముందు కూర, పప్పు పెట్టుకోండి. అవి సగం కంచం ఆక్రమించాలి. మిగిలిన చోటే అన్నానికి. కడుపు నిండినట్టే ఉంటుంది, అన్నం తగ్గుతుంది.

ఏ గింజ మంచిది?

పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. అదే జొన్నలో 10 గ్రాములు, సజ్జలో, రాగిలో 11 గ్రాముల పైన ఉంటుంది. పీచు ఉన్న గింజ నిదానంగా అరుగుతుంది, తొందరగా ఆకలి వేయనివ్వదు. రోజుకు ఒక పూట అన్నం బదులు జొన్న రొట్టె గానీ, కొర్రన్నం గానీ తింటే మంచి మార్పే. రెండు పూటలా అయితే మరీ మంచిది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మెత్తటి రాగిపిండితో జావ కాచి బెల్లం కలిపి తాగితే రాగి వల్ల వచ్చే మేలు చాలావరకు పోతుంది. మజ్జిగ కలిపి, ఉల్లిపాయతో తాగండి. సంగటిలో బియ్యం, నూక ఎక్కువ వేసి రాగిపిండి రంగుకు మాత్రం కలిపితే అది అన్నం కిందే లెక్క. ఇక చిరుధాన్యాలు తింటే కేన్సర్ నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అవి బరువును, షుగరును అదుపులో పెట్టడానికి తోడ్పడతాయి. ముప్పు తగ్గేది ఆ దారిలోనే.

వరి తప్ప వేరే పంట వేయలేని మాగాణి రైతులకు కూడా దారి ఉంది. రాజేంద్రనగర్ నుంచి 2015లో విడుదలైన ఆర్ఎన్ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, అన్నం వండాక షుగరును తక్కువ వేగంతో పెంచే రకంగా పేరు పొందింది. 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరి కూడా అలాంటిదే. ఎండాకు తెగులును తట్టుకోవడానికి తయారు చేసిన రకం అది. రెంటి గ్లైసెమిక్ సూచీ 55 లోపే ఉన్నట్టు పరీక్షల్లో వచ్చింది. ఇంటి తిండికి ఈ రకాలు పెట్టుకుని ఒక్క పాలిష్‌తో ఆపించుకోండి. "షుగరు పెంచని బియ్యం కదా" అని రెండు కంచాలు లాగించకూడదు సుమా!

చక్కెర, నూనె, మాంసం

రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు వేసుకుంటే చక్కెర 40 గ్రాములు. నెలకు కిలోకు పైనే. పోషకాహార సంస్థ సూచించిన హద్దు రోజుకు 25 గ్రాములు, అదీ అన్నిటిలో కలిపి. బెల్లం కూడా ఇందులో చక్కెర లెక్కలోకే వస్తుంది. కలుపు తీసేటప్పుడు పొలానికి పంపే టీలో చక్కెర సగానికి తగ్గించండి. పది రోజులకు నాలుకకు అలవాటు పడిపోతుంది. కూల్‌డ్రింకులు, పిల్లల కోసం తెచ్చి పెద్దలు తినే బిస్కెట్లు ఇంట్లోకి రానీయకండి.

కాఫీ గురించి ఒక విశేషం. కాఫీ తాగే అలవాటున్న ఆడవారిలో ఈ కేన్సర్ కొంత తక్కువగా కనిపించింది. కప్పుకు సుమారు 7 శాతం చొప్పున తగ్గుతున్నట్టు అంచనా. అలాగని లేని అలవాటు కొత్తగా చేసుకోనక్కర్లేదు. ఉన్నవారు చక్కెర తగ్గించి తాగితే చాలు.

నూనె ఒక్కటి తగ్గిస్తే సరిపోతుందా? అమెరికాలో 48 వేలకు పైగా ఆడవారితో ఎనిమిదేళ్లపాటు ఈ ప్రయోగం జరిగింది. కొందరి చేత తిండిలో కొవ్వు బాగా తగ్గించి తినిపించారు. లోపొర కేన్సర్ మాత్రం తగ్గలేదు. ఏ ఒక్క సరుకునో దోషిగా పట్టుకుంటే పని జరగదని దీన్నిబట్టి తెలుస్తోంది. మొత్తం మీద ఒంటి బరువు ఎంత, షుగరు ఎంత అన్నదే చూడాలి. నూనె బరువు పెంచుతుంది కాబట్టి మితంగా వాడాలి. మనిషికి రోజుకు 27 గ్రాములు సూచన. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. అంతకు మించి డబ్బా ఖాళీ అవుతుంటే ఆలోచించండి.

కోడికూర, చేప, గుడ్డు గురించి భయం అక్కర్లేదు. వేపుళ్లుగా కాకుండా పులుసుగా, కూరగా వండుకోండి. సోయా, మీల్‌మేకర్ తింటే ఆడ హార్మోను పెరిగి కేన్సర్ వస్తుందని కొందరు అంటారు. పరిశోధనల్లో అలాంటి చేటు కనిపించలేదు. సోయా తినేవారిలో ముప్పు కొంత తక్కువగా కనిపించిన సందర్భాలే ఉన్నాయి.

చేలో ఏం వేసుకోవాలి?

కొనాలంటే కూరగాయలు, పప్పులు చిన్నరైతుకు భారమే. అందుకే ఇంటి వాడకానికి సరిపడా మీ భూమిలోనే పండించుకోండి.

మాగాణి గట్ల మీద కంది గింజలు నాటండి. ఇంటి పప్పులో కొంత భాగం అక్కడే వస్తుంది. మెట్ట చేలో జొన్న రెండు సాళ్లకు కంది ఒక సాలు పాత పద్ధతే. వరి కోశాక తేమ ఉంటే పెసర, మినుము చల్లండి. జహీరాబాద్ ప్రాంతంలో చిన్న కమతాల మహిళా రైతులు వర్షాధారంగా ఒకే చేలో జొన్న, కంది, కొర్ర, అలసంద, పెసర లాంటివి కలిపి వేసుకుంటారు. ఒక పంట పోయినా మరొకటి ఇంటికి చేరుతుంది, కంచానికీ రకరకాలు వస్తాయి.

పెరట్లో బోరింగు నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట సెంటు స్థలం చాలు. తోటకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర వారం వారం విడతలుగా చల్లుకుంటే ఏడాదంతా ఆకుకూర ఉంటుంది. పాకకు ఆనప, బీర పాకించండి. ఒక మునగ చెట్టు ఉంటే కాయకు కాయ, ఆకుకు ఆకు. ఇంటి కూరకు వాడే మడిలో పురుగుమందు కొట్టకండి. పంట మొత్తం అమ్మేసి అంగట్లో కొనుక్కునే అలవాటు మానుకుని, గాదెలో ముందు ఇంటివాటా తీసి పెట్టండి.

సన్నగా ఉన్నవారి మాటేమిటి?

మన రెండు రాష్ట్రాల్లో ఆడవారిలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. చిక్కి ఉన్నవారు ఈ వ్యాసం చదివి తిండి తగ్గించడం మొదలుపెడితే అసలుకే మోసం. బరువు తక్కువ ఉన్నవారు అన్నం తగ్గించనక్కర్లేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, వేరుశనగ పెంచుకోండి. అందరూ తిన్నాక మిగిలింది తినే ఆచారం ఇకనైనా పోవాలి. కూర అయిపోయాక అన్నం, పచ్చడితో సరిపెట్టుకునేది చివర కూర్చునే మనిషే కదా!

ఒళ్లు వంచి పనిచేసేవారికి ఈ కేన్సర్ ముప్పు తక్కువని కూడా తేలింది. పొలం పని తగ్గిన పెద్దవారు రోజూ అరగంటైనా చురుగ్గా నడవాలి. టీవీ ముందు గంటల తరబడి కూర్చోకూడదు.

ఇంట్లో ఆడపిల్లలకు నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తూ, బరువు పెరుగుతుంటే అండాశయాల్లో నీటిబుడగల సమస్య కావచ్చు. అలాంటి పిల్లల్లో లోపొర సరిగా రాలిపోక మందమవుతుంది. వారికీ పైన చెప్పిన తిండే మందు. డాక్టరుకు చూపించండి. అమ్మకో, అక్కచెల్లెళ్లకో యాభై ఏళ్ల లోపే గర్భసంచి కేన్సర్ గానీ, పెద్దపేగు కేన్సర్ గానీ వచ్చి ఉంటే అది వంశంలో నడిచే రకం కావచ్చు. అక్కడ తిండి ఒక్కటే కాపాడలేదు. ముందుగానే పెద్దాసుపత్రిలో చెప్పుకోవాలి.

తీసేయించుకుంటే పోలా?

"ఎందుకొచ్చిన గొడవ, గర్భసంచి తీసేయిస్తే కేన్సర్ రాదు కదా" అనే మాట మన దగ్గర ఎక్కువ. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో గర్భసంచి తీయించుకున్నవారు సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి దగ్గరగా ఉన్నారు. తెల్లబట్ట, నడుము నొప్పి లాంటి మందులతో తగ్గే బాధలకు కూడా కేన్సర్ భయం చూపి ఆపరేషన్ చేయించుకున్న ఇళ్లు ఎన్నో. అప్పు మిగులుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయి, గుండెకూ ముప్పు పెరుగుతుంది. తెల్లబట్ట అయినంత మాత్రాన కేన్సర్ కాదు. ఎవరైనా ఆపరేషన్ అంటే పరీక్ష కాగితాలు అడిగి తీసుకుని మరో డాక్టరుకు చూపించండి. ప్రభుత్వాసుపత్రిలోని ఆడ డాక్టరు అయితే మరీ మంచిది.

ఆలస్యం చేయకూడని గుర్తులు

మంచి తిండి ముప్పును తగ్గిస్తుందే గానీ పూర్తిగా పోగొట్టదు. సన్నగా, గట్టిగా ఉన్నవారికీ ఈ కేన్సర్ వస్తుంది. ఈ జబ్బు వచ్చిన పది మందిలో తొమ్మిది మందికి ముందుగా రక్తం కనిపిస్తుంది. అంటే జబ్బు తానే వచ్చి తలుపు తడుతోంది. అప్పుడు వెళితే మొదటి దశలోనే దొరుకుతుంది. ఎక్కువమందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.

కింది వాటిలో ఏది ఉన్నా వారం లోపు డాక్టరు దగ్గరకు వెళ్లండి:

* ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్కసారైనా, ఒక్క చుక్కైనా ఎర్రమచ్చ కనిపించడం.

* ముట్లుడిగాక నీళ్లలాగా, వాసనతో, గులాబి రంగులో పోవడం.

* నలభై దాటాక నెలసరి మధ్యలో మచ్చ పడటం, లేదా ముందెన్నడూ లేనంత ఎక్కువగా, ఎక్కువ రోజులు పోవడం.

* రొమ్ము కేన్సర్‌కు టామోక్సిఫెన్ మాత్రలు వాడుతున్నవారికి ఎర్రబట్ట కనిపించడం. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెప్పండి.

ముందుగా స్కానింగ్‌లో లోపొర మందం చూస్తారు. ముట్లుడిగినవారిలో 4 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ ఉంటే కేన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. మందం ఎక్కువ ఉంటే లోపొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముఖద్వారానికి చేసే పాప్ పరీక్ష బాగుందని చెప్పినా ఈ కేన్సర్ లేదని అనుకోకూడదు. అది వేరే పరీక్ష.

వెళ్లేటప్పుడు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకెళ్లండి. ఆఖరి నెలసరి ఎప్పుడు, మచ్చ ఏ తేదీల్లో కనిపించింది, షుగరు, బీపీకి వాడుతున్న మందులేమిటి, ఇంట్లో ఎవరికైనా కేన్సర్ వచ్చిందా. మగ డాక్టరుకు చెప్పుకోవడానికి బిడియపడితే ముందు ఆశా కార్యకర్తకు గానీ, ఏఎన్ఎంకు గానీ చెప్పండి, వెంట వస్తారు. కేన్సర్ తేలితే శస్త్రచికిత్సకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. పంట చేతికి వచ్చాక చూద్దామని మాత్రం వాయిదా వేయకండి.